మూడో నంబరు ప్లగ్గు

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు ఆ డిటెక్టివు ఆఫీసు మెట్లెక్కి వచ్చిన అమ్మాయి తలుపు తట్టలేదు. తోసుకుని లోపలికి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఈ సాయంత్రం ఐదింటికి మా నాన్న స్టేషనుకెళ్ళి తప్పంతా నాదేనని సంతకం పెట్టేస్తాడండీ," అంది. "ఆ తప్పు ఆయన చెయ్యలేదు. నాకు తెలుసు. ఎలా తెలుసని మాత్రం అడక్కండి."

ఎలా తెలుసని అడగడమే వృత్తిగా పెట్టుకున్న మనిషితో అనవలసిన మాట కాదది. అయినా ఆయన నొచ్చుకోలేదు. అసలు పేరు ఏదైతేనేం, ఆ వీధి వీధంతా ఆయన్ని నిదానంగారు అంటుంది. ఆయన చెప్పులు తొడుక్కునేలోగా దొంగ ఊరు దాటేస్తాడని కింది అంతస్తు టైలరు వేళాకోళం. దాటితే దాటనీ, వాడు ఎక్కడ ఆగుతాడో మా సారుకు ముందే తెలుసని అసిస్టెంటు జవాబు. ఈ అసిస్టెంటు నలభై ఏళ్ళ మనిషి. ఒక పత్రికలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం వదులుకుని మరీ ఈయన వెంట పడ్డాడు. గురువు తుమ్మినా నోటుబుక్కులో రాసుకుంటాడు.

అమ్మాయి చెప్పిన సంగతి ఇదీ. ఆమె తండ్రి టర్బో కార్లను ట్యూన్ చేసే మేస్త్రి. ముప్పై ఏళ్ళుగా అదే పని. టర్బో ఇంజనులోకి గాలిని బలవంతంగా తోస్తుంది. ఎంత గాలి తోస్తే అంత బలం. కానీ ఆ గాలికి తగినంత పెట్రోలు పడాలి, నిప్పురవ్వ సరిగ్గా వేళకు పడాలి. ఈ లెక్కంతా కారు కంప్యూటర్లో ఉంటుంది, దాన్ని మ్యాపు అంటారు. మ్యాపులో అత్యాశకు పోతే లోపల పెట్రోలు వేళకాని వేళ పేలుతుంది, ఇంజను టకటక కొడుతుంది. ఆ నాకింగును పట్టించుకోకుండా తొక్కితే పిస్టన్లే కరిగిపోతాయి.

గురువారం సాయంత్రం నాలుగింటికి మేస్త్రి ఒక పళ్ళ డాక్టరు కారుకు ఆఖరి పరీక్ష చేసి, బండి బాగుందని కాగితం మీద సంతకం పెట్టాడు. మర్నాడు పదకొండింటికి డాక్టరు వస్తే, ఆయన కళ్ళముందే మరోసారి పరీక్షించి తాళాలివ్వాలన్నది ఏర్పాటు. కానీ డాక్టరుకు ఊరెళ్ళే పని పడి ఉదయం ఎనిమిదింటికే వచ్చాడు. షెడ్డులో మేస్త్రి ఒక్కడే ఉన్నాడు, తాళాలిచ్చేశాడు. ముప్పావుగంట తర్వాత హైవే మీద లారీని దాటబోతుండగా ఇంజను పట్టేసింది. కారు గిర్రున తిరిగి పక్కగోడకు కొట్టుకుంది. డాక్టరుకు ఇంకా తెలివి రాలేదు.

పోలీసుల తరఫు నిపుణుడు ఆ కారు కంప్యూటర్ తెరిచి చూశాడట. అందులో ఉన్న మ్యాపు ఏ ఇంజనునైనా చంపేస్తుందన్నాడట. గురువారం సాయంత్రం ఆరూ నలభైకి మేస్త్రి పాస్‌వర్డుతో దాన్ని ఎక్కించినట్టు షెడ్డు ల్యాప్‌టాప్‌లో ఉంది.

"ఆ పాస్‌వర్డు నా పుట్టినరోజు. షెడ్డులో తిరిగే పిల్లికి కూడా తెలుసు," అంది అమ్మాయి. "కానీ నాన్న ఏమీ వాదించడం లేదు. ఆరూ నలభైకి షెడ్డులోనే ఉన్నానంటాడు, తప్పు నాదేనంటాడు, గోడ వైపు తిరిగి పడుకుంటాడు. మూడు రోజులుగా మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టుకోలేదు. డాక్టరుకు ఏమన్నా అయితే మా నాన్నను హంతకుడంటారు. ఆయన అది విని బతకడు."

షెడ్డులో ఇంకెవరుంటారని నిదానంగారు అడిగారు. నలుగురమేనంది. తండ్రి, తను, తన భర్త, గుండు అనే ఫిట్టరు. భర్త ఎనిమిదేళ్ళ కిందట పని నేర్చుకోవడానికి వచ్చి, తనను పెళ్ళి చేసుకుని అక్కడే ఉండిపోయాడు. ల్యాప్‌టాప్ పనంతా అతనిదే. తను కౌంటర్లో కూర్చుంటుంది, గురువారం ఐదింటికే ఇంటికి వెళ్ళిపోయింది. శుక్రవారం వార్త తెలియగానే తనూ, తండ్రీ, గుండూ ఆస్పత్రికి పరిగెత్తారు. పోలీసులొస్తారేమోనని భర్త షెడ్డులో ఉన్నాడు. చెప్పడానికి ఇంకేమీ లేక, అప్పుడు కూర్చుని ఏడ్చింది.

అసిస్టెంటు గడియారం చూశాడు. పది దాటింది. నిదానంగారు చెప్పుల కోసం వెతుక్కుంటున్నారు.

షెడ్డు పెద్దదే. మధ్యలో నేల తవ్వి రెండు ఇనుప రోలర్లు పెట్టారు. కారును గొలుసులతో కట్టి చక్రాలను వాటి మీద తిప్పితే, బండి కదలకుండానే నూటయాభైలో పరిగెత్తుతుంది. దాన్ని డైనో అంటారని గుండు చెప్పాడు. డైనో పక్కన ఒక కొక్కేనికి పాత హెడ్‌ఫోను వేలాడుతోంది. దాని వైరు చివర ఒక రాగి గొట్టం ఉంది. ఆ గొట్టాన్ని ఇంజనుకు బిగించి, హెడ్‌ఫోను చెవులకు పెట్టుకుని మేస్త్రి పెడలు తొక్కుతాడట. నాకింగు మొదలవుతుంటేనే వినపడుతుందట. తెర కూడా చెబుతుంది, కాకపోతే ఆలస్యంగా చెబుతుందని మేస్త్రి నమ్మకం. ఇంకెవరినీ ఆ హెడ్‌ఫోను ముట్టుకోనివ్వడు.

మేస్త్రికి అరవై దాటాయి. గోడకు వీపు ఆనించి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నిదానంగారు ఎదురుగా కూర్చుని అడిగినదానికల్లా పొడిపొడిగా జవాబిచ్చాడు. అవును, మ్యాపు నాదే. అవును, ఆరూ నలభైకి ఇక్కడే ఉన్నాను. లేదు, ఎవరి మీదా అనుమానం లేదు. మాట్లాడుతున్నంతసేపూ ఒక చెయ్యి చొక్కా జేబు మీదే ఉంది. పలచని చొక్కా. లోపల మడిచి పెట్టిన కాగితం మీద ఆకుపచ్చ రంగు ముద్ర, అందులో ఒక వీధి పేరు బయటికి కనిపిస్తున్నాయి.

అమ్మాయి టీ తెచ్చింది. నిదానంగారు గ్లాసు పెదాలకు అడ్డంగా పట్టుకుని, గురువారం సాయంత్రం వాన పడిందా అని అడిగారు. మేస్త్రి పలకలేదు. గ్లాసు కిందికి దించి అదే ప్రశ్న అడిగారు. పడలేదన్నాడు. మనిషి ఎంత కుంగిపోయాడో అని అసిస్టెంటు జాలిపడ్డాడు. జాలితో పాటు అది నోటుబుక్కులో కూడా రాసుకున్నాడు, అలవాటు కొద్దీ.

తర్వాత గుండును పిలిచారు. అతను మొదటినుంచీ బిగుసుకుని ఉన్నాడు. దానికి కారణం ఉంది. బుధవారం డాక్టరు అతన్ని నలుగురిలో ఒరేయ్ అన్నాడు. ఇతను పానా విసిరికొట్టాడు. మేస్త్రి మందలించాడు. ఈ ముక్క తనంతట తనే చెప్పేశాడు. "కోపం వచ్చిన మాట నిజమే సార్. కానీ కోపం మనిషి మీద, బండి మీద కాదు. బండిని పాడుచేసే చెయ్యి నాది కాదు. పైగా నాకు ఆ ల్యాప్‌టాప్ ఆన్ చెయ్యడం కూడా రాదు."

గోడకున్న అర మీద వరసగా యాభై దాకా స్పార్క్ ప్లగ్గులు ఉన్నాయి. ఒక్కోదానికి దారంతో ఒక అట్టముక్క కట్టి, దాని మీద బండి నంబరు, తేదీ రాసి ఉన్నాయి. అవేమిటని నిదానంగారు అడిగారు. అది మేస్త్రి పద్ధతి అన్నాడు గుండు. ఆఖరి పరీక్ష అయ్యాక మూడో నంబరు ప్లగ్గు ఊడదీసి, దాని పింగాణీ రంగు చూస్తాడు. లేత గోధుమరంగులో ఉంటే ఇంజను సుఖంగా ఉన్నట్టు. దాని మీద నల్లటి, వెండి రంగు చుక్కలుంటే లోపల నాకింగు జరిగి పిస్టను కరిగి చిందుతున్నట్టు. చూసిన ప్లగ్గును అర మీద దాచి, బండికి కొత్తది బిగిస్తారు. ఏ బండి మీద ఏ ఫిర్యాదొచ్చినా ఈ ప్లగ్గే సాక్షి.

ప్లగ్గులను సరిచేసేది ఎవరని అడిగితే గుండు కాస్త గర్వంగానే చెప్పాడు. "టర్బో బండి ప్లగ్గు చివర రవ్వ దూకే సందు బాగా తగ్గించాలి సార్. లోపల ఒత్తిడి ఎక్కువ కదా, సందు పెద్దదైతే దీపం ఊదేసినట్టు రవ్వను ఊదేస్తుంది. మేస్త్రి కొలుస్తాడు, నేను బిగిస్తాను. మూడో మనిషి ముట్టుకోడు." ఈ అర మీదివన్నీ టర్బో బళ్ళవేననీ, ఇరుగుపొరుగు మామూలు బళ్ళవి కింద డబ్బాలో పారేస్తాననీ కూడా చెప్పాడు.

అప్పుడే అల్లుడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, శుభ్రమైన గోళ్ళు, మెత్తటి మాట. ఏది అడిగినా కాదనకుండా చూపించాడు. ల్యాప్‌టాప్ తెరిచి ఆరూ నలభైకి ఎక్కించిన ఫైలు చూపించాడు. తను ఆరున్నరకు ఇంటికి బయల్దేరేటప్పటికి మామగారు ఈ ల్యాప్‌టాప్ ముందే కూర్చుని ఉన్నారన్నాడు. ఆ మాట చెప్పలేక చెప్పలేక చెప్పినట్టు చెప్పాడు.

"నాకు ఆయన తండ్రితో సమానం సార్. కానీ వయసైపోయింది. ఇక చాలించండి మామయ్యా, నేను చూసుకుంటాను అని ఎన్నోసార్లు మొత్తుకున్నాను. వినలేదు." అర దగ్గరికి వెళ్ళి, డాక్టరు కారు నంబరున్న ప్లగ్గును తనే తీసి అందించాడు. "ఇది చూడండి. పింగాణీ నిండా చుక్కలు. దీన్ని చేత్తో పట్టుకుని కూడా సంతకం పెట్టారంటే, ఇక నేనేం చెప్పను?"

నిదానంగారు జేబులోంచి విజిటింగ్ కార్డు తీసి, రెండుగా మడిచి, ప్లగ్గు చివరి సందులో దూర్చారు. సునాయాసంగా జారిపోయింది. ప్లగ్గును అర మీద పెట్టేసి, పక్కనున్న వాటిలోనూ అదే కార్డు దూర్చబోయారు. ఒక్కదాంట్లోనూ దూరలేదు. ఆయన కార్డు జేబులో పెట్టుకుని, దాహంగా ఉందన్నారు. అల్లుడు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

బయటికి వచ్చాక అసిస్టెంటుకు ఆగలేదు. మేస్త్రికి వ్యతిరేకంగా మ్యాపు ఉంది, సంతకం ఉంది, ప్లగ్గు ఉంది, ఆయన ఒప్పుకోలు ఉంది. ఇంకేం మిగిలింది సార్ అని అడిగాడు. నాలుగు సాక్ష్యాలు ఒకే మాట చెబుతుంటే, వాటికి ఎవరో పాఠం చెప్పారేమో చూడాలన్నారు నిదానంగారు. ఆ తర్వాత ఆస్పత్రికి ఫోను చేశారు. డాక్టరు పరిస్థితి అలాగే ఉందన్నారు, సాయంత్రం దాకా ఏమీ చెప్పలేమన్నారు.

మిట్టమధ్యాహ్నం ఇద్దరూ పోలీసు యార్డుకు వెళ్ళారు. ఇన్‌స్పెక్టరు నిదానంగారికి పాత పరిచయస్తుడే. అయినా ఈ కేసులో మీకు పని లేదు, ముద్దాయే ఒప్పుకున్నాడు కదా అని విసుక్కున్నాడు. నుజ్జయిన కారు ఇంజనులోంచి తీసిన నాలుగు ప్లగ్గులు ఒక సంచిలో ఉన్నాయి. నాలుగింటి మీదా చుక్కలున్నాయి. మడిచిన కార్డు నాలుగింటిలో దేనిలోనూ దూరలేదు.

అక్కణ్ణించి ఊరికి ఆ చివరన, ఆ ఆకుపచ్చ ముద్రలో పేరున్న వీధికి ఆటోలో వెళ్ళారు. మెట్లెక్కడానికి నిదానంగారికి ఎంతసేపు పట్టిందో చెబితే మీరు నమ్మరు. అసిస్టెంటు తలప్రాణం తోకకొచ్చింది. పైన గోడకు ఆకుపచ్చ అక్షరాల బోర్డు ఉంది. దాని మీద రాసిన వేళలు నిదానంగారు రెండుసార్లు చదివారు. ఎవరినీ ఏమీ అడగలేదు. తిరిగి కిందికి దిగిపోయారు. అప్పటికి మూడున్నర.

నాలుగున్నరకు అందరూ షెడ్డులో డైనో చుట్టూ చేరారు. ఇన్‌స్పెక్టరు నిలబడే ఉన్నాడు, బయట జీపు ఇంజను కూడా ఆపించలేదు. మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఎక్కడికి వెళ్ళడానికి తయారయ్యాడో అందరికీ తెలుసు. పాత చొక్కా జేబులోని కాగితం ఈ చొక్కా జేబులోకి మారింది. అమ్మాయి భర్త పక్కన నిలబడింది. గుండు దూరంగా తలుపు దగ్గర ఉన్నాడు.

నిదానంగారు ముందు జీపు ఆపించమన్నారు. తర్వాత అర మీది ప్లగ్గు తెచ్చి గుండు చేతికిచ్చి, ఇది డాక్టరు కారుదేనా అని అడిగారు. గుండు వెలుతురులోకి పట్టుకుని చూశాడు. రెండోసారి చూశాడు.

"ఇది టర్బో బండిది కాదు సార్. సందు ఇంతుంది. మేం ఇలా బిగించం. ఇది కింద డబ్బాలోది."

"ఇంజనులో దొరికిన ప్లగ్గులన్నిటికీ సందు తక్కువే. ఇన్‌స్పెక్టరుగారి సంచిలో ఉన్నాయి, చూసుకోవచ్చు," అన్నారు నిదానంగారు. "అంటే గురువారం మేస్త్రిగారు ఊడదీసిన ప్లగ్గును ఎవరో తీసేసి, డబ్బాలోంచి చుక్కలున్న పాత ప్లగ్గు ఏరి, అదే అట్టముక్క కట్టి ఇక్కడ పెట్టారు. అసలు ప్లగ్గు ఎలా ఉండి ఉంటుంది? దాని మీద కూడా చుక్కలుంటే మార్చే అవసరం ఏముంది? అది శుభ్రంగా ఉంది కాబట్టే మాయం చేశారు. గురువారం నాలుగింటికి ఆ ఇంజను ఆరోగ్యంగా ఉంది."

మేస్త్రి ఆయన పెదాలనే చూస్తున్నాడు.

"శుభ్రంగానే ఉందయ్యా," అన్నాడు మెల్లగా. "నేను చూసిన ప్లగ్గు శుభ్రంగానే ఉంది. శనివారం వచ్చి చూస్తే చుక్కలున్నాయి. నా కళ్ళు కూడా పోయాయనుకున్నాను."

కూడా అన్న మాట ఇన్‌స్పెక్టరు చెవిలో పడింది. కూడా అంటే ఏమిటని అడిగాడు. మేస్త్రి చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళింది.

నిదానంగారు అడుగు దగ్గరికి వేసి, జేబులో కాగితం తీయమని అడిగారు. మేస్త్రి తీయలేదు. చెయ్యి ఇంకా గట్టిగా అదిమిపెట్టుకున్నాడు. అది తీస్తే నా పరువు పోతుందన్నాడు. తీయకపోతే మీ అమ్మాయి ఎవరి కూతురని తలెత్తుకు తిరుగుతుందో ఆలోచించుకోండి అన్నారు నిదానంగారు. చివరికి కూతురే వచ్చి, తండ్రి వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, కాగితం బయటికి లాగింది. చదివి ఇన్‌స్పెక్టరుకు ఇచ్చేసింది.

అది చెవుల పరీక్ష చేసిన రిపోర్టు. గురువారం తేదీ. మొదలుపెట్టిన సమయం ఆరూ ఇరవై, ముగిసిన సమయం ఆరూ యాభై ఐదు, రెండూ యంత్రమే అచ్చుకొట్టింది. రెండు చెవులకూ సగానికి పైగా వినికిడి పోయిందని కింద రాసి ఉంది.

"ఆ వైద్యశాల గురువారాలు సాయంత్రం ఆరింటికే తెరుస్తారు. ఇక్కణ్ణించి అక్కడికి ముప్పావుగంట," అన్నారు నిదానంగారు. "ఆరూ నలభైకి మేస్త్రిగారు అక్కడ చెవులు పరీక్షించే గాజు గదిలో కూర్చుని ఉన్నారు. షెడ్డులో ల్యాప్‌టాప్ ముందు లేరు. కానీ ఆరున్నరకు ఇక్కడే ఆయన్ని చూశానని ఒకరు చెప్పారు. మ్యాపు రాయడం ఈ షెడ్డులో ఇద్దరికే వచ్చు. ప్లగ్గు సందు గురించి తెలియనివాళ్ళు కూడా ఇద్దరే ఉన్నారు. మ్యాపు రాయడం వచ్చి, సందు సంగతి తెలియని మనిషి ఒక్కడే. ఎనిమిదేళ్ళు ఇక్కడ పనిచేసినా చేతికి గ్రీజు అంటనివాడు. శుక్రవారం అందరూ ఆస్పత్రికి పోతే ఇక్కడ ఒంటరిగా మిగిలినవాడు. ఈ ఉదయం నేను అడగకుండానే ఆ ప్లగ్గు తీసి నా చేతిలో పెట్టినవాడు."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టేది సాధారణంగా ఇంట్లోవాళ్ళే. అమ్మాయి భర్త మొహంలోకి చూసింది. అతను కాదని ఒక్క మాట అంటే చాలు, నమ్మడానికి సిద్ధంగా ఉన్న చూపు అది. అతను అనలేదు.

"డాక్టరు ఎనిమిదింటికే వస్తాడని నాకేం తెలుసు?" అన్నాడు చివరికి. "పదకొండింటికి ఇక్కడ, డైనో మీద, అందరి ముందూ జరగాలది. ఇంజను నాకింగు కొడితే అందరికీ వినపడుతుంది. ఆయనొక్కడికే వినపడదు. వెంటనే నేను ఆపించేవాణ్ణి. ఇంజనుకు ఏమీ అయ్యేది కాదు. ఆయనకు చెవుడని బయటపడేది, అంతే. ఆ రోజుతో కుర్చీ దిగేవాడు."

పొద్దున్న వచ్చేసరికి కారు లేదనీ, ఫోను చేస్తే డాక్టరు ఎత్తలేదనీ చెప్పాడు. ఆ తర్వాత భయం మొదలైంది. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం ఆసరా పెడుతూ పోయాడు. అన్నిటికంటే విచిత్రం, మామగారు ఆ అబద్ధాన్ని ఎందుకు ఔనంటున్నాడో అతనికి అర్థమే కాలేదట. ఎందుకు చేశావురా ఇదంతా అని గుండు అరిచాడు. దానికి అతను గుండు వైపు కాదు, మామగారి వైపు తిరిగాడు.

"ఎనిమిదేళ్ళు, మామయ్యా. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ హెడ్‌ఫోను నా చేతికిచ్చారా? తెర ముందు కూర్చోబెట్టారు, గుమాస్తాలా. మీకు వినపడదని నేను కనిపెట్టి ఆరు నెలలైంది. అయినా మీరే పెట్టుకుంటారు, మీరే సంతకం పెడతారు. నన్ను మాత్రం నమ్మరు."

మేస్త్రి ఆ మాటలన్నీ అతని పెదాల మీంచి చదివాడు. కోపం వస్తుందనుకున్నారు అందరూ. రాలేదు.

"నాకు వినపడక ఏడాది దాటింది బాబూ," అన్నాడు. "హెడ్‌ఫోను ఊరికే పెట్టుకునేవాణ్ణి. పెడలు తొక్కుతూ నీ మొహం చూసేవాణ్ణి. నీ కనుబొమ్మ కాస్త ముడిపడితే కాలు తీసేసేవాణ్ణి. ఈ ఏడాదిలో నలభై బళ్ళు ట్యూన్ చేశాం. నలభైకి నలభై నీ మొహం చూసే చేశాను. ఒక్కటీ చెడలేదు."

అల్లుడు కొక్కేనికి వేలాడుతున్న హెడ్‌ఫోను వైపు చూశాడు.

"చెవుడని ఒప్పుకుంటే, మరి విన్నదెవరయ్యా అని వీళ్ళు అడుగుతారు. నీ పేరు చెప్పాల్సి వస్తుంది. నిన్ను పట్టుకుపోతారు. నీకేదో పొరపాటు జరిగి ఉంటుంది, కుర్రాడు, పోనీలే అనుకున్నాను. నేనెలాగూ అయిపోయినవాణ్ణి. అందుకని సంతకం పెడతానన్నాను." మేస్త్రి అల్లుడి దగ్గరికి ఒక అడుగు వేశాడు. "నమ్మలేదంటావేమిటి? నిన్ను తప్ప ఇంకెవరిని నమ్మాను?"

అల్లుడు డైనో గట్టు మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. చేసిన పనికి అంతకుముందు అతను భయపడ్డాడు. సిగ్గుపడడం అప్పుడే మొదలైంది. ఇన్‌స్పెక్టరు కొంచెంసేపు అలాగే ఉండనిచ్చి, తర్వాత భుజం మీద చెయ్యి వేశాడు. అతను భార్య వైపు చూశాడు. ఆమె ల్యాప్‌టాప్ వైరు పీకి, చుట్టి, దాన్ని తన చేతులతోనే ఇన్‌స్పెక్టరుకు అప్పగించింది. అతన్ని జీపు ఎక్కించేటప్పుడు అడిగింది, డాక్టరు బతకాలని ఒక్కసారైనా కోరుకున్నావా అని. మూడు రోజులుగా అదే కోరుకుంటున్నానన్నాడు. అది అబద్ధం కాదని అసిస్టెంటుకు అనిపించింది.

జీపు వెళ్ళిపోయింది. గుండు రోలర్ల మీద పడ్డ దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. చెయ్యడానికి ఇంకేం పని తోచక. నిదానంగారు చెప్పులు వేసుకుంటున్నారు, జీవితంలో మొదటిసారి తొందరగా. కొన్ని చోట్ల బయటివాళ్ళు ఉండకూడదు.

మేస్త్రి స్టూలు మీద కూర్చుని నేల చూస్తున్నాడు. కూతురు వెనకనుంచి నాన్నా అని పిలిచింది. ఆయన కదల్లేదు. ఆమె ముందుకు వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి, అయినా ఒక్కో మాటా విడివిడిగా పలికింది.

"నాన్నా, ఆ కారు నీ చేతుల్లో చెడలేదు."

మేస్త్రి ఆమె పెదాలను చూశాడు. ఆ మాట ఆయనకు అర్థమైందని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"మళ్ళీ చెప్పు," అన్నాడు.

ఆమె మళ్ళీ చెప్పింది.